కాపాడబోయేవాడి ఊపిరి మాటేమిటి?

చలి ప్రదేశం అనగానే మనలో చాలామందికి హిమాలయాలో, సినిమా పాటల్లో చూపించే కాశ్మీరో గుర్తుకొస్తాయి. మా గుంటూరు వైపు మిరప రైతులకి మాత్రం చలి ప్రదేశం అంటే ఏసీ. ఏసీ అంటే కిటికీకి బిగించే పెట్టె అనుకునేరు! మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీని మావైపు ఆ రెండక్షరాలతోనే పిలుస్తారు. యార్డులో ధర పడిపోతే టిక్కీలు ఏసీకి ఎక్కుతాయి. ఏసీ వాళ్ళు బాండు ఇస్తారు. బాండు మీద అప్పు పుడుతుంది. ఆ అప్పుతో నాలాంటి వాళ్ళం బి.యస్సీ. చదువుతాం. కనుక నేను ఏసీలకి శత్రువుని కాను. నా చదువు అక్షరాలా వాటి చలవే.

గుంటూరు చుట్టుపక్కల ఇలాంటివి వందకు పైగా ఉన్నాయి. బయట మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటి కాల్చేస్తుంటే, లోపల ఛాంబర్లలో పది డిగ్రీల లోపు. టిక్కీలు మోసే ముఠా కూలీలు తలకి మఫ్లరు చుట్టుకుని, ఒంటికి స్వెట్టరు తొడుక్కుని లోపలికి వెళ్తారు. రోహిణీ కార్తెలో స్వెట్టరు వేసుకునే మనుషుల్ని చూడాలంటే మావైపు రావాల్సిందే.

ఈ వ్యాసంలో నేను అడగదలచుకున్నది ఒకటే ప్రశ్న. ఆ చలి గదుల్లో గ్యాసు లీకయితే, పడిపోయిన మనిషిని బయటికి తేవడానికి అందరికంటే ముందు వెళ్ళే 108 కుర్రాడి ఊపిరికి పూచీ ఎవరు? మంటల్లోకి వెళ్ళేవాడికి ఏం కావాలో మనకి కాస్తో కూస్తో తెలుసు. ప్రమాదం కంటికి కనిపించని గాలిలో ఉన్నప్పుడు మాత్రం, వెళ్ళేవాడికి ధైర్యం ఉంటే చాలని మనవాళ్ళ నమ్మకం.

ముందుగా ఆ గ్యాసు సంగతి కొంచెం చెప్పాలి. ఏసీలో చలి పుట్టించేది అమోనియా. నత్రజనినీ హైడ్రోజన్‌నీ కలిపి హేబర్ పద్ధతిలో తయారుచేస్తారని ఇంటర్‌లో బట్టీపట్టిన అమోనియాయే. మా చేలో చల్లే యూరియాకీ అదే తల్లి. అంటే మా పైరుకి బలమిచ్చేదీ, ఆ పైరు కాయల్ని చెడిపోకుండా కాచేదీ ఒకటే పదార్థం. ఇంత ఉపకారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మాత్రం శత్రువే. దానికి నీళ్ళంటే అంత యావ. మామూలు వేడిలో ఒక లీటరు నీళ్ళు సుమారు ఏడు వందల లీటర్ల అమోనియాని తాగేస్తాయి. సున్నా డిగ్రీల దగ్గర వెయ్యి లీటర్ల పైమాటే. కాబట్టి ఒంట్లో ఎక్కడ తడి ఉంటే అక్కడికే పోతుంది. కన్ను, ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు. తడిలో కరిగి క్షారమవుతుంది, క్షారం కండని కాలుస్తుంది. పనిచేసే చోట గాలిలో పదిలక్షల పాళ్ళకి 25 పాళ్ళు మించకూడదని మన ఫ్యాక్టరీల చట్టం పట్టికలో రాశారు. భోపాల్ ఘోరం తర్వాత 1987లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు చేర్చిన పట్టిక అది. మూడు వందల పాళ్ళు దాటితే ప్రాణాపాయం కింద లెక్క.

"అమోనియా గాలికంటే తేలిక, పైకి పోతుంది, వంగి నడిస్తే ఏమీ కాదు" అనే మాట ఏసీల దగ్గర తరచు వింటాం. సగం సైన్సు పూర్తి అజ్ఞానం కంటే ప్రమాదం. అమోనియా అణుభారం 17, గాలిది సగటున 29. నిజమే, వాయువుగా అది తేలికే. కానీ గొట్టాల్లో అది ఒత్తిడికి లొంగి ద్రవంగా ఉంటుంది. ఎక్కడైనా బీట వారితే ఆ ద్రవం చిమ్ముకుని బయటికొస్తుంది. అది మరిగేది సున్నాకి 33 డిగ్రీలు కింద. మరుగుతూ చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. గాలిలోని తేమ మంచుపొగలా మారుతుంది. ఆ చల్లబడిన గాలీ, తుంపరలూ, అమోనియా కలిసిన తెల్లటి మేఘం మామూలు గాలికంటే బరువు. అది నేలమీదే పాకుతుంది. వంగి నడిచేవాడు సరిగ్గా దాని నోట్లోకే తల పెడతాడు. పైగా ఛాంబరులో గాలి ముందే చల్లగా ఉంటుంది, తలుపులు మందం, కిటికీలు ఉండవు. మేఘం చెదిరిపోయే దారే లేదు.

2023 మే నెలలో నేను కళ్ళారా చూసింది చెప్తాను. ఊరి పేరు, ఏసీ పేరు అనవసరం. మా టిక్కీల్లోంచి శాంపిల్ కాయలు తీయించడానికి నాన్నతో పాటు వెళ్ళాను. మేము ఆఫీసు గదిలో బాండు కాగితాలు చూపిస్తుండగా గుప్పున వాసన. లోపల్నుంచి ముఠా వాళ్ళు దగ్గుకుంటూ పరుగెత్తుకొచ్చారు. మేస్త్రీ తలలు లెక్కపెట్టాడు. ఒక తల తక్కువైంది.

108 బండి పావుగంట దాటాక వచ్చింది. ఫైరింజను ఇంకా దారిలో ఉంది. బండిలోంచి దిగిన ఈఎంటీ మా వయసువాడే, మహా అయితే రెండేళ్ళు పెద్ద. మొదట అడగాల్సిన ప్రశ్నే అడిగాడు: "ఏం గ్యాసండీ? ఎంత లీకయింది?" మేనేజరు జవాబు: "ఏం లేదు తమ్ముడూ, కొద్దిగా వాసనంతే." కొద్దిగా వాసనైతే మనిషి లోపలెందుకు పడిపోయాడో ఆయనే చెప్పాలి. ఆ కుర్రాడు ఒక్క నిమిషం గుమ్మం దగ్గర ఆగాడు. ఆగడమే ఆలస్యం, జనంలోంచి కేకలు. "జీతం తీసుకోట్లా? ఏం నిలబడ్డావ్?" మా నాన్న మాత్రం "ఒక్కడివే పోకు బాబూ, ఆగు" అన్నాడు. ఆ గోలలో ఎవరికి వినపడింది? అతని దగ్గరున్నవి ఆపరేషన్ థియేటర్లో కట్టుకునే పల్చటి మాస్కూ, రబ్బరు చేతితొడుగులూ. మాస్కు మీద తడి తువ్వాలు చుట్టుకుని, ఇద్దరు ముఠావాళ్ళని వెంటబెట్టుకుని లోపలికెళ్ళాడు. మనిషిని తెచ్చారు. తెచ్చేసరికి అతని కళ్ళు ఎర్రటి మిరపపళ్ళలా ఉన్నాయి.

అసలు సంగతి దీని తర్వాతే జరిగింది. పడిపోయిన కూలీని స్వెట్టరుతో సహా బండిలో పడుకోబెట్టారు. తలుపులు వేశారు. ఎండకి తట్టుకోలేక బండిలో చల్లగాలి మిషను వేసి కిటికీలు బిగించారు. ఊరు దాటకముందే బండి రోడ్డు పక్కన ఆగిపోయిందట. బండి నడిపే పైలటుకి కళ్ళు కనపడలేదు. లోపల ఈఎంటీకి ఊపిరి ఆడలేదు. తలుపులు బార్లా తెరిచి, స్వెట్టరు కత్తిరించి రోడ్డు మీద పారేసి, అప్పుడు మళ్ళీ బయల్దేరారు. ఆస్పత్రిలో రోగి ఒక మంచం మీద, రోగిని తెచ్చినవాడు పక్క మంచం మీద. ఇద్దరూ బతికారు. ఈఎంటీ తొమ్మిది రోజులకి డ్యూటీలో చేరాడని, దగ్గు మాత్రం వానాకాలం దాకా పోలేదని తర్వాత తెలిసింది.

ఏసీలో లేని గాలి బండిలోకి ఎలా వచ్చింది? ఇది నేను కెమిస్ట్రీ నోట్సు ముందేసుకుని ఆలోచించిన విషయం. సోడా సీసా ఉదాహరణ తీసుకోండి. చల్లటి సోడాలో గ్యాసు నిలుస్తుంది, వెచ్చబడితే బుసబుసమని పోతుంది. చెమటకి తడిసిన ఆ ఉన్ని స్వెట్టరు చలి గదిలో అమోనియాని సోడాలాగే పట్టుకుంది. మీద ద్రవం తుంపరలు పడి ఉంటే చెప్పనే అక్కర్లేదు. బయటి ఎండలోకి, మూసిన బండిలోకి వచ్చేసరికి పట్టుకున్నదంతా వదలడం మొదలుపెట్టింది. చలి ఇక్కడ చేసిన మోసం ఇది. విషాన్ని తగ్గించలేదు, దాచి ఉంచి బండిలో అప్పజెప్పింది. బండిలో మిషను చల్లగాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది గాని, బయటి గాలిని లోపలికి తెచ్చేది తక్కువ.

ఇది మా ఊరి దగ్గర ఒక్కసారి జరిగిన వింత కాదు. 1995 మార్చి 20న జపాను రాజధాని టోక్యోలో ఒక మతశాఖవాళ్ళు భూగర్భ రైళ్ళలో సారిన్ అనే విషం వదిలారు. ఆదుకోవడానికి వెళ్ళిన అత్యవసర సిబ్బంది 1,364 మందిలో 135 మందికి విషలక్షణాలు కనిపించాయి. బాధితులు ఎక్కువమంది చేరిన ఆస్పత్రిలో, ఆ తర్వాత సర్వేలో జవాబిచ్చిన సిబ్బందిలో నూటికి ఇరవైముగ్గురు తమకూ తేడా చేసిందన్నారు. వీళ్ళెవరూ విషం చిమ్మిన రైల్లో లేరు. రోగుల బట్టల్లోంచి లేచిన ఆవిరే వాళ్ళని పట్టింది. గాలాడని గదుల్లో ఉన్నవాళ్ళకి మరీ ఎక్కువ. సాంకేతికంగా అంత ముందున్న దేశంలో జరిగిందే మా రోడ్డు మీదా జరిగింది.

నిజమైన చలిదేశంలో ఏం జరిగిందో కూడా చూద్దాం. 2002 జనవరి 18న, అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలో, అమెరికాలో ఉత్తర డకోటా రాష్ట్రంలోని మైనాట్ ఊరి శివార్లలో ఒక గూడ్సు రైలు పట్టాలు తప్పింది. ఆ రైల్లో ఉన్నదీ అమోనియాయే. అక్కడి రైతులు దాన్ని యూరియాగా మార్చకుండా నేరుగా భూమిలోకి ఎక్కిస్తారు. బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కింద చలి. ఆ చలికి పెళుసెక్కిన ఉక్కు ట్యాంకులు ఐదు పగిలి దాదాపు ఐదున్నర లక్షల లీటర్ల ద్రవం ఒక్కసారిగా బయటపడింది. చలిరాత్రి నేల దగ్గర గాలి బరువుగా, కదలకుండా ఉంటుంది. మేఘం ఇళ్ళమీద అలాగే కూర్చుంది. బండిలో తప్పించుకుపోదామని బయల్దేరిన ఒకాయన దారి కనపడక ఇంకొకరి ఇంటికి గుద్దుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. పదకొండు మందికి తీవ్రంగా, మూడు వందల పైచిలుకు మందికి ఓ మోస్తరుగా దెబ్బతగిలింది. ఫోను చేసినవాళ్ళకి సిబ్బంది చెప్పింది ఏమిటంటే: బయటికి రావద్దు, తలుపులు మూసుకోండి, ఇల్లు వెచ్చబెట్టే మిషను ఆపండి, స్నానాల గదిలోకి వెళ్ళి షవరు తిప్పండి, తడిగుడ్డలోంచి ఊపిరి తీయండి.

షవరు ఎందుకు? పైన చెప్పానే, అమోనియాకి నీళ్ళంటే యావ. గాలిలోని అమోనియాని జల్లు తాగేస్తుంది. అంటే అక్కడ ఫోను ఎత్తేవాళ్ళకి అమోనియా గుణం తెలుసు. ఏ గ్యాసో తెలియడమే సగం రక్షణ. భోపాల్‌లో 1984 డిసెంబరు 2 రాత్రి, అదీ చలి రాత్రే, ఆస్పత్రులకి జనం వేలల్లో వచ్చి పడుతుంటే, ఎదురుగా ఉన్న డాక్టర్లకి ఏ విషానికి వైద్యం చేస్తున్నామో తెలియదు. చల్లగా ఉంచాల్సిన ఆ ద్రవం తాలూకు శీతల యంత్రాన్ని అంతకు కొన్ని నెలల ముందే ఆపేశారని తర్వాత బయటపడింది. "కొద్దిగా వాసనంతే" అన్న మేనేజరుకీ ఆ పెద్ద కంపెనీకీ పోలికేమిటని ఎవరైనా అంటారేమో. లీకు కొలతలో పోలిక లేదు. చెప్పకపోవడంలో ఉంది.

ఇప్పుడు మాస్కు సంగతి. 2020లో కరోనా వచ్చి మనందరికీ మాస్కు పాఠం నేర్పింది. కానీ ఆ పాఠం గ్యాసుకి పనికిరాదని ఎవరూ నేర్పలేదు. ఎన్-95 అన్నది తుంపరనీ దుమ్మునీ ఆపుతుంది. అమోనియా అణువుకి ఆ గుడ్డలోని సందులు సింహద్వారాల్లాంటివి. తడితువ్వాలు పల్చటి గ్యాసు దగ్గర, పారిపోయే రెండు నిమిషాలకి ఉపయోగం. ఎక్కువ గ్యాసులో ఆ తడి క్షణాల్లో నిండిపోతుంది. ఆ తర్వాత మూతికి క్షారపు గుడ్డ కట్టుకున్నట్టే. పైగా కళ్ళకి అది ఏ కాపలా కాయదు. అమోనియాకని ప్రత్యేకంగా మందు పట్టించిన డబ్బా బిగించే, ముఖమంతా కప్పే మాస్కులున్నాయి. డబ్బా మీద ఆకుపచ్చ రంగు ఉంటుంది. అవి కూడా గేటు దగ్గర, గ్యాసు పల్చగా ఉన్నచోట రోగిని అందుకోవడానికే. ఛాంబరు లోపలికి వెళ్ళాలంటే వీపున గాలి సిలిండరు మోసుకెళ్ళే పరికరం తప్ప వేరే దారి లేదు. అదీ సుమారు అరగంట గాలి.

ఆ పరికరం కొనిపడేస్తే చాలా? చాలదు. చలి దాన్నీ పరీక్షిస్తుంది. లోపల వెచ్చటి ఊపిరి, బయట చల్లటి అద్దం. ముఖం ముందు మంచు పట్టి ఏమీ కనపడదు. సిలిండరులో నింపిన గాలిలో తేమ ఉంటే గడ్డకట్టే చలిలో వాల్వు మొండికేస్తుంది. రబ్బరు బిగుసుకుపోయి ముఖానికి అతుక్కోవడం మానేస్తుంది. ద్రవం చిమ్మేచోట మామూలు చేతితొడుగు పెళుసై పగులుతుంది. వీటన్నిటికీ ఉపాయాలున్నాయి. కానీ ఆ ఉపాయాలు గ్యాసు లీకైన రోజున, కేకలేసే జనం మధ్య నేర్చుకునేవి కావు. అటక మీద దుమ్ము పట్టిన పరికరం లేని పరికరం కంటే ప్రమాదం, ఎందుకంటే దాన్ని నమ్మి లోపలికి వెళ్తాడు. (ఈ సందర్భంలో మన ల్యాబులో విషవాయువులు లాగే అల్మరా ఫ్యాను గురించి నేనేమీ అనను. చదివేవాళ్ళు వెళ్ళి స్విచ్చి వేసి చూడగలరు.)

పల్లెల్లో పుట్టినవాళ్ళకి ఈ విషయం అంత కొత్తదేమీ కాదు. పాడుబావిలో పూడిక తీయడానికి దిగినవాడు పడిపోతే, వాడికోసం తమ్ముడు, తమ్ముడికోసం బావమరిది దిగి, ముగ్గురూ పైకి రాని కథలు ఏ ఊళ్ళో లేవు? అందుకే ముసలివాళ్ళు ముందు లాంతరు దించి చూసేవాళ్ళు. దీపం ఆరితే ఎవరూ దిగకూడదు, ఎంత దగ్గరవాడు లోపలున్నా సరే. ఆ నియమంలో దయలేదనిపిస్తుంది. దాని దయ నాలుగో మనిషికి తెలుస్తుంది. అమోనియాకి లాంతరు పనిచేయదు, ముక్కే లాంతరు. అదీ కాసేపే. కొంతసేపటికి ముక్కు అలవాటు పడి వాసన తగ్గిందని అబద్ధం చెప్తుంది.

వాసనే లేని గాలి సంగతి ఇంకా అన్యాయం. మన్యంలో లంబసింగి వంటిచోట్ల చలికాలం రాత్రులు సున్నా దాపుకి దిగుతాయి. అలాంటి చలిలో తలుపులన్నీ బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే గదిలో కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. రంగు లేదు, వాసన లేదు. తెల్లారి తలుపు తట్టి లోపలికెళ్ళే వైద్య సిబ్బందికి నిద్రపోతున్న మనుషులు కనిపిస్తారు తప్ప విషం కనిపించదు. కొన్ని దేశాల్లో అంబులెన్సు వాళ్ళ సంచికి అగ్గిపెట్టెంత మీటరు తగిలించి ఉంటుంది. గాలి చెడితే కూత పెడుతుంది. మన బండ్లకి అది పెద్ద కోరికేం కాదు.

ఇంతకీ మనం చేయగలిగిందేమిటి? అగ్నిమాపక దళం ఉంది కదా, 108 వాళ్ళకి ఇదంతా ఎందుకు అనేవాళ్ళున్నారు. నిజమే, లోపలికెళ్ళి తేవడం శిక్షణ పొందిన ఫైరు వాళ్ళ పనే, ఈఎంటీది గేటు దగ్గర అందుకునే పని. నేనూ అదే అంటాను. కానీ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై పల్లెపల్లెకీ పాకిన ఆ సర్వీసు చాలాచోట్ల ఫైరింజను కంటే ముందొస్తుంది. ముందొచ్చినవాడు ఆగాలంటే అతన్ని ఆగనిచ్చే జనం ఉండాలి. గేటు దగ్గర ఆగిన ఈఎంటీ పిరికివాడు కాడు, చదువుకున్నవాడు అని ఊరికి తెలియాలి. ఈ ఒక్క పనికి పైసా ఖర్చు లేదు, కానీ అన్నిటికంటే కష్టమైంది ఇదేనని నా అనుమానం. మనలో ఎవరైనా ఆ రోజు ఆ గుంపులో ఉంటే "ఆగు" అనే వాళ్ళమా, "జీతం తీసుకోట్లా" అనే వాళ్ళమా?

మిగతాదానికి ఖర్చుంది, చెప్తాను. ప్రతి ఏసీలో రెండు గాలి సిలిండరు పరికరాలు ఉండాలి. మిషన్ రూములో కాదు, గేటు దగ్గర బయట. లీకయ్యేదే మిషన్ రూములో అయితే లోపలున్న పరికరం ఎవరికి? గేటు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు ఉండాలి: ఏ గ్యాసు, ఎన్ని కిలోలు, కట్టేసే వాల్వు ఎటువైపు. మేనేజరు నోటిమీద ఆధారపడే అవసరం 108 వాళ్ళకి ఉండకూడదు. గేటు దగ్గరే నీళ్ళ గొట్టం, దుప్పట్లు. రోగిని బండెక్కించే ముందు బట్టలు విప్పించాలి, బాగా నీళ్ళు పోయాలి, కళ్ళు కడగాలి, వెంటనే తుడిచి దుప్పటి చుట్టాలి. చలిగదిలో బిగుసుకుపోయిన మనిషిని తడిగా వదిలేస్తే గ్యాసు వదిలినా చలి వదలదు. ఆడకూలీలుంటే చుట్టూ చీరలు పట్టుకుని నిలబడే నలుగురు కావాలి. మానం పేరు చెప్పి విషపు బట్టలు ఒంటిమీద ఉంచకూడదు. బండి ఎంత ఎండైనా కిటికీలు తీసుకునే పోవాలి. ఏటా కొత్త కాయ ఏసీలకి రాకముందు, ఏసీ వాళ్ళూ ముఠా వాళ్ళూ 108 వాళ్ళూ ఫైరు వాళ్ళూ కలిసి ఒక పూట ఇదంతా ఉత్తుత్తిగా చేసి చూడాలి.

డబ్బెక్కడిది అంటారు యజమానులు. లక్ష టిక్కీలు పట్టే ఏసీలో టిక్కీకి ఒక్క రూపాయి తీస్తే ఏడాదికి లక్ష రూపాయలు. ఆ రూపాయి మా దగ్గరే తీసుకోండి. హమాలీకి, కాటాకి, గోతానికి, కమీషనుకి ఎన్నో రూపాయలు కోయించుకున్నవాళ్ళం. ఈ రూపాయి ఎందుకు కోశారో మాత్రం బాండు మీద రాయండి. మా నాన్నని అడిగాను. "మన కాయ కోసం లోపలికెళ్ళినోడేగా" అన్నాడు. రైతులందరూ ఒప్పుకుంటారని నేననను, ధరలేని ఏడాది రూపాయి కూడా బరువే. కానీ అడిగితే కదా తెలిసేది.

ఇక ప్రభుత్వం. 108 బండిలో ఏముండాలో రాసే జాబితాలో అమోనియా మాస్కులు రెండు, మోనాక్సైడ్ మీటరు ఒకటి చేర్చడానికి పెద్ద మేధావుల కమిటీ అక్కర్లేదు. ఏసీలు, ఐసు ఫ్యాక్టరీలు, పాల కేంద్రాలు, రొయ్యల ప్లాంట్లు ఉన్న మండలాల బండ్లతో మొదలుపెట్టినా సరిపోతుంది. ఇవన్నీ అమోనియా ఇళ్ళే. 2020 ఆగస్టులో చిత్తూరు జిల్లా పూతలపట్టు దగ్గర పాల డెయిరీలో అమోనియా లీకై పనిచేసే ఆడవాళ్ళు ఆస్పత్రి పాలయ్యారు. కాబట్టి ఇది మిరపకాయల జిల్లాకి మాత్రమే పరిమితమైన గొడవ కాదు.

మన ఎన్.యస్.యస్. వాళ్ళకి ఒక సూచన. ఏటా మొక్కలు నాటి ఫోటోలు దిగుతున్నాం, సంతోషం. ఈసారి జనవరి క్యాంపు ఏసీలున్న ఏదైనా ఊళ్ళో పెట్టి, ఒక్కో ఏసీ గేటు దగ్గర ఏముంది, ఏం లేదు అని కాగితం మీద రాసుకొద్దాం. యజమానులు గేటు తీయకపోతే తీయలేదని రాద్దాం, అదీ సమాచారమే. దాంతోపాటు కలెక్టరుగారికి ఇవ్వడానికి ఒక దరఖాస్తు రాశాను. యూనియన్ గదిలో బల్లమీద ఉంటుంది, సంతకాలు కావాలి. ఏసీలున్న ఇళ్ళ పిల్లలు మన క్లాసుల్లో ఐదారుగురున్నారు. మొదటి పేజీలో పైన నాలుగు గీతలు వాళ్ళకోసమే ఖాళీగా ఉంచాను.